గీత కొట్టిన అంకెలు

ఏడుపు ఆగిపోయింది. ఇంతసేపూ లోపల పిల్ల ఏడుస్తుంటే ఆగితే బాగుండుననుకున్నాను, ఇప్పుడు ఆగిపోతే మళ్లీ ఏడిస్తే బాగుండుననిపిస్తోంది. ఏడ్చే పిల్లకి ఊపిరి ఆడుతున్నట్టే లెక్క, ఏడవని పిల్లకి ఏమైందో తలుపు ఇవతల ఉన్నదానికి ఎలా తెలుస్తుంది. తలుపు రెండు సగాలు, కింది సగం చెక్క, పై సగం గరుకు అద్దం, అద్దంలోంచి మనుషులు మనుషుల్లా కాకుండా రంగుల్లా కనబడతారు, ఆ పసుపు రంగు మా బొంగరం గౌనే అయి ఉండాలి, అది కదులుతోంది, కదులుతోంది కాబట్టి సరే, ఫిట్స్ వచ్చినా కదులుతుంది కదా, ఛీ, ఏం ఆలోచన ఇది, అలా కదలడం లేదు, అటూ ఇటూ పోతోంది, నడుస్తోంది. బెంచీ మీద కూర్చున్నాను. ఒళ్లో వదిన ఇచ్చిన పాత ల్యాప్‌టాప్, దాని అడుగు వేడికి తొడలు చురచురమంటున్నాయి. ఎదురుగా గడియారం పదకొండు దాటి ఏడు నిమిషాలు. "మొదటిరోజు ఒక్క గంటేనమ్మా. మీరు బయట కూర్చోండి, తొంగి మాత్రం చూడొద్దు. మీరు ఒక్కసారి తొంగిచూస్తే అది ఇంకో గంట ఏడుస్తుంది" అన్నారు ఈ డేకేర్ మేడమ్. పన్నెండింటికి పిల్లకి మధ్యాహ్నం మందు. ఆ మందు వాళ్ల చేత్తోనే వేస్తారట. ఆలోపల పిల్ల గురించి నేను రాసుకున్న పెద్ద ఫైలు చిన్న చిన్న ఫైళ్లయిపోవాలి. అయితే, రేపట్నుంచి బొంగరం ఇక్కడ, నేను కళ్లద్దాల దుకాణంలో పనికి. కాకపోతే, ఏముంది, మళ్లీ అదే ఇల్లు, అదే కిటికీ, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ నేనూ అదీ, దాని కనురెప్ప రెండుసార్లు కొట్టుకుంటే నా గుండె నాలుగుసార్లు ఆగుతూ.

బొంగరం అని పేరు పెట్టింది వాళ్ల నాన్న, నిలబడటం వచ్చిన రోజునుంచీ తన చుట్టూ తనే తిరిగి ఢామ్మని పడేది, పడి నవ్వేది. రెండేళ్లు నిండి మూడు నెలలు. తొమ్మిదో నెలలో మొదలయ్యాయి ఫిట్స్. ఈ మాట చెప్పగానే ఇంతకుముందు రెండు చోట్ల మొహాలు ఎలా మారాయో నాకు కళ్లకి కట్టినట్టు గుర్తుంది. ఒకావిడైతే నా చేతిలోని పిల్లని చూసి కుర్చీ వెనక్కి జరుపుకుంది, అంటుకుంటుందేమో అన్నట్టు. ఇంకో చోట "మీ ఫోన్ నంబరు ఇచ్చి వెళ్లండి" అన్నారు, ఆ మాటకి అర్థం తెలియనంత చిన్నపిల్లని కాదు. ఈ మేడమ్ మాత్రం "ఎన్నిసార్లు వచ్చాయి, చివరిసారి ఎప్పుడు, ఏ మందు వాడుతున్నారు" అని అడిగి, "తీసుకురండి, చూద్దాం" అన్నారు. ఉత్త "చూద్దాం". ఆ ఒక్క మాట పట్టుకుని ఇంటికెళ్లి వంటింట్లో నిలబడి మంచినీళ్ల గ్లాసు చేతిలో పెట్టుకుని ఎంతసేపు ఏడ్చానో, అత్తయ్య చూసి "చేర్చుకోం అన్నారా" అని అడిగితే "చేర్చుకుంటామన్నారు" అని ఇంకా ఏడ్చాను. ఆవిడ నెత్తి కొట్టుకుంది. "నీ ఏడుపుకి వేళాపాళా ఉండదే తల్లీ!"

ఇందాక మేడమ్ నా ఫైలు తెరిచి చూసి "అబ్బో, అరవై మూడు పేజీలా, చాంతాడంత రాశారే" అన్నారు. మెచ్చుకున్నారో వెక్కిరించారో తెలియక నేను తల వంచుకున్నాను. "చాలా బాగా రాశారమ్మా. కానీ పిల్లల గదిలో ఉండే ఫోన్ పాతది. రంగులూ పెట్టెలూ ఉన్న ఫైలు ఇస్తే నమల్లేక నోరు మూసుకు కూర్చుంటుంది. ఉత్త అక్షరాలుంటే తీసుకుని పైకి చదివి వినిపిస్తుంది. అందుకని ఒక్కో సంగతి ఒక్కో ఫైలు చెయ్యండి. మందులు ఒకటి, నిద్ర ఒకటి, ఫిట్స్ ఒకటి. పిల్ల కింద పడి కొట్టుకుంటుంటే అరవై మూడు పేజీలు తిప్పుతూ కూర్చుంటామా?" నిజమే. "పైకి చదవడం ఎందుకండీ" అన్నాను. "పెద్దమ్మకి చదువు రాదు కదా. పిల్లల్ని అంటిపెట్టుకుని ఉండేది ఆవిడే" అన్నారు, రోజూ చెప్పే మాట చెప్పినట్టు. అప్పుడే వచ్చింది ఆ పెద్దమ్మ, పొట్టిగా గట్టిగా ఉంది, తడి చేతులు కొంగుకి తుడుచుకుని నా చేతిలోంచి బొంగరాన్ని కూరగాయల సంచి అందుకున్నంత తేలిగ్గా అందుకుని లోపలికి వెళ్లిపోయింది. చదువు రాని మనిషి. నా బిడ్డ ప్రాణం అరవై మూడు పేజీల్లో రాసి తెస్తే, అది చదవడం రాని మనిషి చేతిలో పెడుతున్నాను. ఈ ఆలోచన వచ్చినందుకు సిగ్గుపడాలి, నేనేం చదివానని, పదో తరగతి పరీక్షలకి మూడు నెలలుందనగా అమ్మ మంచాన పడింది, ఇంట్లో ఒకళ్లు ఉండాలి, ఆ ఒకళ్లు నేనయ్యాను, అంతే. అయినా వచ్చింది. వచ్చిన ఆలోచనని రాలేదనుకోలేను.

సరే పని. పెద్ద శీర్షిక కింద చిన్న శీర్షికలు, వాటి కింద చుక్కలు పెట్టిన వాక్యాలు. ఇదంతా వదిన నేర్పింది, మా ఆయన అక్క, ఒక లాయరు గారి ఆఫీసులో టైపు చేస్తుంది. మొదట్లో నేను ఏది దొరికితే దాని మీద రాసేదాన్ని, కరెంటు బిల్లు వెనక, మందుల పెట్టె అట్ట మీద, గోడ మీద కూడా ఒకసారి, పెన్సిలుతో, పొయ్యి పక్కన. ఎందుకంటే మొట్టమొదటిసారి ఆసుపత్రిలో డాక్టరు గారు "ఎన్ని నిమిషాలు కొట్టుకుంది? ముందు ఏ చెయ్యి? కళ్లు ఎటు తిరిగాయి?" అని అడిగారు. చూశాను, అన్నీ చూశాను, ఒక్కటీ చెప్పలేకపోయాను. ఆయన కోప్పడలేదు. "ఈసారి రాసి పెట్టండమ్మా, మీరు రాసిందే నాకు కళ్లు" అన్నారు. నేను రాసిందట, ఆయనకి కళ్లట. పదో తరగతి గట్టెక్కని దాన్ని. ఆ రోజునుంచీ రాస్తూనే ఉన్నాను. వదిన ఒకరోజు వచ్చి నా కాగితాలు చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది. "మరదలా, నీ దగ్గర సరుకు ఉంది, సర్దుడు లేదు. ఇది సంత. దీన్ని అల్మారా చెయ్యాలి." పాత ల్యాప్‌టాప్ తెచ్చి పక్కన కూర్చుని, ఇది పెద్ద అర, ఇది చిన్న అర, ఇక్కడ నొక్కితే అర మూసుకుంటుంది, ఇక్కడ నొక్కితే తెరుచుకుంటుంది, అని నాలుగు ఆదివారాలు చూపించింది. నేను తప్పు నొక్కి మొత్తం చెరిపేసినప్పుడు కూడా "పోయిందేం లేదు, వెనక్కి తెద్దాం" అంది. పోయినవి వెనక్కి వస్తాయని నాకు ఆ రోజే తెలిసింది. ఇందాక బెంచీ మీంచే ఫోన్ చేసి ఈ ముక్కలు చేసే పని గురించి చెబితే "ఒక్క దెబ్బకి శీర్షికల దగ్గర కొత్తిమీర కట్ట తరిగినట్టు తరిగేసే పద్ధతి ఉంది, నేను వచ్చి చేస్తాను" అంది. నేనే వద్దన్నాను. తరిగేటప్పుడు ఏ ముక్క ఎటు ఎగిరిపడుతుందో అని నా భయం. నా చేత్తో ఒక్కో అరా ఖాళీ చేసి ఒక్కో ఖాళీ కాగితంలో పోస్తేనే నాకు నమ్మకం.

మొదటిది "ఫిట్స్ వస్తే". మొత్తం ఎంచుకో, ఎత్తు, ఖాళీ ఫైలు తెరువు, దింపు, పేరు పెట్టు. పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బట్ట వదులు చెయ్యాలి, గడియారం చూడాలి, ఐదు నిమిషాలు దాటితే ముక్కులో మందు కొట్టాలి, అంబులెన్సుకి ఫోన్ చెయ్యాలి. ఈ అక్షరాలు చూస్తుంటే ఆ గొంతు వినబడుతుంది నాకు. మొదటిసారి వచ్చిన రోజు, పొద్దున్నే, మా ఆయన డ్యూటీకి వెళ్లిపోయాడు, లిఫ్టులు బాగుచేసే పని, ఏదో మేడ పదో అంతస్తులో షాఫ్టులో ఉన్నాడు, ఫోన్ తగల్లేదు. అంబులెన్సు నంబరుకి చేస్తే ఒక ఆడమనిషి గొంతు. "నేను లైన్‌లోనే ఉంటాను, పెట్టెయ్యకండి. పిల్లని ఎడమ పక్కకి తిప్పండి. తిప్పారా? ఇప్పుడు నాతో పాటు లెక్కపెట్టండి." ఆమె ఒకటి అంటే నేను ఒకటి, ఆమె రెండు అంటే నేను రెండు. నూట నలభై దాకా లెక్కపెట్టాం ఇద్దరం కలిసి, నూట నలభై ఒకటికి పిల్ల వొళ్లు వదులయింది. అంబులెన్సు వచ్చాక ఆమె పెట్టేసింది, నేను థాంక్స్ కూడా చెప్పలేదు. ఆమె ఎక్కడ కూర్చుని మాట్లాడిందో, పెళ్లయిందో లేదో, పిల్లలున్నారో లేదో, ఆ పూట ఏమైనా తిన్నదో లేదో. ఏ మనిషి ఎదురుపడ్డా గొంతు వింటాను, ఈమేనేమో అని. దొరికితే ఏమంటాను, నూట నలభై ఒకటి అంటాను, అర్థమైతే ఆమే.

రెండోది "నిద్ర". ఇది చిన్నదే. సరిగ్గా నిద్రపోకపోతే మర్నాడు ఫిట్స్ వచ్చే ప్రమాదం ఎక్కువ, అందుకని మధ్యాహ్నం గంటన్నర పడుకుని తీరాలి, బోర్లా పడుకోనివ్వకూడదు, వీపు మీద చెయ్యి ఉంచాలి కానీ తట్టకూడదు, తడితే ఆట అనుకుని లేచిపోతుంది. ఈ తట్టకూడదన్న సంగతి కనిపెట్టింది అత్తయ్య. నేనైతే నెలల తరబడి తడుతూనే ఉన్నాను, అది లేస్తూనే ఉంది. ఆవిడ ఓ మూల కూర్చుని చూసి చూసి "తలుపు తట్టినట్టు తడితే ఎవరైనా తీస్తారు కదుటే" అంది. అత్తయ్య మాట వేపాకు, పని తేనె. ఆవిడకీ నాకూ ఏడాదిపాటు ఉప్పూ నిప్పూ. ఇప్పుడూ పెద్దగా మారిందేం లేదు, కానీ నేను స్నానానికి వెళ్లి వచ్చేదాకా పిల్ల పక్కనించి కాలు కదపదు, తన మోకాళ్లు పట్టేసినా సరే. లేచాక అబ్బా అంటుంది కానీ ఎందుకు పట్టేశాయో చెప్పదు. మూడోది "మాటలు". దీన్ని చూసి నవ్వొచ్చింది, ఇంత ఆదుర్దాలోనూ. "బూ" అంటే నీళ్లు, "బూబూ" అంటే వాన, "పోపో" అంటే పొమ్మని కాదు ఎత్తుకోమని. ఇది ముఖ్యం, ఇది తెలియకపోతే పాపం అది చేతులు చాచి పోపో అంటుంటే వీళ్లు వెనక్కి వెళ్లిపోతారు. ఈ జాబితా వాళ్ల నాన్న చెబుతుంటే నేను రాసింది. రోజంతా పిల్లతో ఉండేది నేను, దాని మాటలు పట్టుకునేది ఆయన, గంటసేపు ఆడించి. దానికి అసూయపడ్డాను ఒకప్పుడు. ఇప్పుడు అనిపిస్తోంది, నేను దాని ఊపిరి వింటూ కూర్చున్నాను కదా, మాటలు వినడానికి ఇంకొకళ్లుండటం ఎంత మేలు.

పదకొండున్నర. లోపల ఎవరో పిల్లాడు పీపీ ఊదుతున్నాడు. పసుపు రంగు కనబడటం లేదు. ఆ మూలకి వెళ్లిందేమో. కూర్చున్నదేమో. కూర్చుంటే చెక్క అడ్డం, కనబడదు. అవును. కూర్చుని ఉంటుంది. నాలుగోది "మందులు", దీన్ని చూస్తే నాకే గర్వం, ఎంత పద్ధతిగా ఉంటుందో. మా వీధి చివర మందుల షాపాయన చెప్పిన పద్ధతి. డాక్టరు గారు మోతాదు మార్చినప్పుడల్లా నేను పాతది చెరిపేసి కొత్తది రాసేదాన్ని. ఆయన చూసి కళ్లజోడు నుదుటి మీదకి తోసి "అలా చెయ్యకమ్మా. రేపు ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్తావు, ఇంతకుముందు ఎంత వాడావంటే ఏం చెబుతావు? పాతదాన్ని చెరపకు, గీత కొట్టు. కొట్టేసినా కనబడాలి" అన్నాడు. ఆయన మాట వల్లే కదా పెద్దాసుపత్రిలో "ఎక్కువ మోతాదు ఎప్పుడు, ఎందుకు తగ్గించారు" అంటే టకటకా చెప్పగలిగాను, మూడున్నర ఎమ్మెల్ వేస్తే పిల్ల రోజంతా తూలింది, అందుకని మూడుకి దించారు, ఫలానా తారీఖు, అని. తెల్ల సీసా మందు పడక ఒళ్లంతా దద్దుర్లొచ్చాయి, ఆ భాగమంతా ఎర్రరంగులో ఉంది, అందరికీ తెలిసేలా. ఆయన షాపులో ఎంత రద్దీ ఉన్నా నేను వెళ్తే ముందు పిల్ల ఎలా ఉందని అడిగి, తర్వాతే చేయి చాచి చీటీ తీసుకుంటాడు. మొత్తం ఎంచుకున్నాను, ఎత్తాను, ఖాళీ కాగితంలో దింపాను. రంగులూ గీతలూ అన్నీ పోయి నల్లటి అక్షరాలు మాత్రం బుద్ధిగా వరసలో నిలబడ్డాయి, సున్నం వేసిన గోడలా ఎంత శుభ్రంగా ఉందో. ఇలా ఉంటేనే నయం అనుకున్నాను కూడా. పేరు పెట్టాను. మందులు.

అప్పుడే తలుపు పై సగం తెరిచి మేడమ్ వైరు ఒకటి అందించారు. "అయినంతవరకు ఇవ్వండమ్మా. పిల్లలు పాలు తాగుతున్నారు, పెద్దమ్మ ఈలోపు వింటుంది." ఫోన్ లోపలి గట్టు మీద పెట్టి ఆ కొస అటు, ఈ కొస ఇటు. నాలుగు ఫైళ్లు వెళ్లిపోయాయి. పై సగం కొంచెం తెరిచే ఉంచారు, నేను తొంగిచూడనని మాటిచ్చాను కదా, గోడకి ఆనుకుని గడియారం వైపే చూస్తూ కూర్చున్నాను, చెవులు మాత్రం నావి కావు, అవి లోపలే ఉన్నాయి. ఫోన్ చదవడం మొదలుపెట్టింది. ప్రాణం లేని గొంతు, ఆనందమూ లేదు కోపమూ లేదు, రైల్వే స్టేషన్లో చెప్పినట్టు. నా మాటలే. నేను పొయ్యి పక్కన రాసిన మాటలు, ఆసుపత్రి వరండాలో రాసిన మాటలు, ఎవరో తనకి అక్కర్లేనట్టు చదువుతుంటే వింతగా ఉంది. పెద్దమ్మ మధ్యమధ్యలో ఊఁ కొడుతోంది, కథ వింటున్నట్టు. కాసేపటికి ఊఁ ఆగింది. మళ్లీ మొదటికి పెట్టి విన్నది. మళ్లీ ఆపింది. చెప్పుల చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది.

"తల్లీ, ఒకసారి ఇటు చూడు."

లేచాను. పెద్దమ్మ ఫోన్ని అరచేతిలో పెట్టుకుని, దాన్ని కాదు నన్ను చూస్తోంది.

"పిల్లకి ఏం కాలేదులే, మొహం అలా పెట్టకు. నాకు ఒక్కటి చెప్పు. నీ మందుల ఫైలు మధ్యాహ్నానికి మూడు మాటలు చెబుతోంది. మధ్యాహ్నం రెండున్నర ఎమ్మెల్, మధ్యాహ్నం మూడున్నర ఎమ్మెల్, మధ్యాహ్నం మూడు ఎమ్మెల్. మూడూ కలిపి పొయ్యాలా? ఒక్కటే పొయ్యాలా? ఒక్కటే అయితే ఏదది?"

నాకు ముందు అర్థం కాలేదు. గీత కొట్టాను కదా, అన్నాను, లేక అందామనుకున్నాను. ఆమె ఇంకా చెబుతోంది. "అదొకటి. ఇంకా తెల్ల సీసా మందు రోజుకి రెండుసార్లు అంటోంది. ముక్కులో కొట్టే మందు కాక నువ్వు సంచిలో పెట్టిచ్చింది ఎర్ర సీసా ఒక్కటే. సంచీ రెండుసార్లు దులిపాను. తెల్లది మర్చిపోయావేమో అనుకుంటే, మళ్లీ నువ్వు మర్చిపోయే మనిషిలా లేవే."

రెండున్నర, మూడున్నర, మూడు. తొమ్మిది. నాలో ఎవరో కూడారు ఆ లెక్క, నేను కూడలేదు. మూడున్నరకే తూలిన పిల్ల. తొమ్మిది. ల్యాప్‌టాప్ వైపు తిరిగి చూశాను, బెంచీ మీద తెరిచి ఉంది, ఎడమ పక్క నా పెద్ద ఫైలు, రంగులతో, గీతలతో, కుడి పక్క చిన్న ఫైలు, శుభ్రంగా, గీత ఒక్కటీ లేకుండా, కొట్టేసిన అంకెలన్నీ లేచి బతికున్న వాటి పక్కన నిలబడి ఉన్నాయి. ఎర్రరంగు పోయిన తెల్ల సీసా, రోజుకి రెండుసార్లు. ఎర్రగా రాస్తే చాలనుకున్నాను, వద్దు అనే మాట ఎక్కడా రాయలేదు. ఉత్త అక్షరాలు మాత్రమే తీసుకుంటుందని మేడమ్ చెప్పనే చెప్పారు, గీత అక్షరం కాదని, రంగు అక్షరం కాదని నాకు తట్టలేదు. "పెద్దమ్మా, మూడే. మూడు ఒక్కటే. మిగతావి పాతవి, మానేసినవి, గీత కొట్టాను, ఆ గీత... తెల్ల సీసా అసలు ఇవ్వకూడదు, దద్దుర్లు... నేను..."

"అద్గదీ, నేనూ అదే అనుకున్నాను. ఏ తల్లయినా పూటకి మూడు లెక్కలు చెబుతుందా" అంది పెద్దమ్మ నింపాదిగా. "కూర్చో ముందు. నీళ్లు తాగు."

"మీరు అడక్కపోతే..."

"ఎందుకడగను? చదువు రాదుగానీ లెక్క వచ్చు నాకు. ముప్పై ఏళ్లు మా ఇంటాయన అబద్ధాలు కూడీ తీసేసీ చూసినదాన్ని. ఆయనా ఇంతే, పొద్దున ఒకటి మధ్యాహ్నం ఒకటి." నవ్వింది. "చదువొచ్చిన వాళ్లు రాసి ఉందిగా అని పోసేస్తారు తల్లీ. నేను అలా పొయ్యలేను. నాకు అది మాట. మాట తేడాగా ఉంటే మనిషిని అడగాలి."

పావు తక్కువ పన్నెండు. కూర్చున్నాను. పెద్ద ఫైలు జోలికి వెళ్లలేదు, అది అలాగే ఉండాలి, గీతలతో, షాపాయన చెప్పినట్టు, డాక్టర్లకి అది కావాలి. చిన్న ఫైలు తెరిచాను. పాత అంకెలు తీసేశాను. తెల్ల సీసా దగ్గర ఎరుపు ఎక్కడుందో అక్కడ మాట రాశాను, "ఈ మందు ఇవ్వకూడదు, ఎప్పుడూ ఇవ్వకూడదు, ఇస్తే ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి." మధ్యాహ్నం దగ్గర రాశాను, "ఎర్ర సీసా మందు మూడు ఎమ్మెల్. ఇదొక్కటే. వేరే ఏదీ లేదు." ఇంకా ఏ ఫైల్లో ఏం లేచి కూర్చుందో అని మొదటిది తెరిచాను. ఫిట్స్ వస్తే, మూడో వాక్యం, నోట్లో చెంచా పెట్టాలి. అది మొదటి వారంలో రాసింది, అత్తయ్యకి వాళ్ల చిన్నప్పుడు ఎవరో చెప్పారట, తర్వాత ఆసుపత్రిలో నర్సమ్మ "నోట్లో ఏమీ పెట్టకూడదు, పళ్లు విరుగుతాయి, ఊపిరి ఆడదు" అని చెబితే గీత కొట్టాను. గీత కొట్టి, తీసెయ్యలేదు. అత్తయ్య మాట కదా, ఎప్పుడైనా చూస్తే బాధపడుతుందేమో అని కూడా ఒక మూల. తలుపు దగ్గరికి పరిగెత్తాను. "పెద్దమ్మా, చెంచా..." "విన్నాను. అది నేను చెయ్యనులే, నోట్లో ఏమీ పెట్టకూడదని మేడమ్ మాకు చెప్పే చేర్చుకున్నారు. దాని గురించి తర్వాత అడుగుదామనుకున్నాను, ముందు మందు టైము దగ్గరపడుతోందని అది అడిగాను." ముందు మందు, తర్వాత చెంచా. వరస కూడా ఉంది ఆమె దగ్గర. అల్మారా ఉంది. అరలున్నాయి. అది వదిన నాలుగు ఆదివారాలు నేర్పితే నాకు వచ్చింది, ఈమెకి ఎవరు నేర్పారో.

వేళ్లు వాటంతటవే పోతున్నాయి ఇప్పుడు. తీసెయ్యి, రాయి, దాచు. భయం ఉంది, కానీ భయం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది, బెంచీ మీద జరిగి చోటిచ్చినట్టు. ఇన్నాళ్లూ నేను ఒక్కదాన్నే మోస్తున్నాననుకున్నాను. ఈ అరవై మూడు పేజీలు నావి అనుకున్నాను. ఏదీ నాది కాదు ఇందులో. పక్కకి తిప్పమన్నది ఆ గొంతు, తట్టొద్దన్నది అత్తయ్య, రాయమన్నది డాక్టరు గారు, సర్దింది వదిన, కొట్టేసినా కనబడాలన్నది షాపాయన, పోపో అంటే ఏమిటో చెప్పింది మా ఆయన. నేను చేసిందల్లా వింటూ రాయడం. వింటూ రాశాను, ఇప్పుడు ఒకామె రాసింది వింటోంది. అంతే తేడా. చదువు రాని మనిషి అనుకున్నాను ఇందాక. అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడటానికి కూడా టైము లేదు, ఇంకా పదకొండు నిమిషాలుంది. సిగ్గు ఇంటికెళ్లాక పడతాను.

మళ్లీ వైరు. కొత్త ఫైళ్లు వెళ్లాయి, పాతవి మేడమ్ ఫోన్లోంచి నా కళ్లముందే తీసేశారు. పెద్దమ్మ విన్నది. రెండుసార్లు విన్నది. మూడోసారి ఫోన్ ఆపేసి కళ్లు మూసుకుని తనే చెప్పింది, ఒక్క మాట పొల్లు పోకుండా, ఫోన్ ఎక్కడ ఆగిందో అక్కడ ఆగుతూ. మధ్యాహ్నం, ఎర్ర సీసా మందు, మూడు ఎమ్మెల్, ఇదొక్కటే, వేరే ఏదీ లేదు. నేను మూడు పరీక్షలకి కూర్చున్నా అంత సరిగ్గా అప్పజెప్పి ఉండను. కళ్లు తెరిచి "సరేనా టీచరమ్మా?" అంది నన్ను. నన్నెవరూ ఆ మాటతో పిలవలేదు ఎప్పుడూ.

పన్నెండు. లోపల కుళాయి తిప్పిన చప్పుడు, చేతులు కడుక్కుంటోంది. సీసా మూత. పెద్దమ్మ మళ్లీ తలుపు దగ్గరికి వచ్చింది, సూది లేని చిన్న సిరంజి వెలుతురుకి ఎత్తి పట్టుకుంది, ఎర్రటి మందు నిక్కచ్చిగా అక్కడికే వచ్చి ఆగి ఉంది. "చూడు. మూడేనా?"

"మూడే పెద్దమ్మా."

"లోపలికి రా, కావాలంటే. మొదటిరోజు కదా, నువ్వే వేసి వెళ్లు. మేడమ్‌కి నేను చెబుతాలే."

రెండు అడుగులు. రెండే అడుగులు, చెక్క తలుపు, చిన్న గడియ. ఏడాదిన్నరగా ఈ మందు నా చేత్తో తప్ప ఎవరి చేత్తోనూ వెళ్లలేదు, మా ఆయన చేత్తో కూడా. నాకు జ్వరమొచ్చినప్పుడు కూడా గోడ పట్టుకుని లేచి వేశాను. గడియ మీద చెయ్యి వేశాను కూడా అనుకుంటా.

"వద్దు పెద్దమ్మా, మీరే వెయ్యండి."

ఆమె తలాడించి వెళ్లిపోయింది. నేను ఇవతలే నిలబడ్డాను. "ఏదీ, నోరు తెరువమ్మా, ఇంత పెద్ద నోరు, ఆఁ" అంది పెద్దమ్మ. చప్పుడు లేదు. బొంగరం పెదాలు బిగించి ఉంటుంది, కొత్తవాళ్ల దగ్గర అది అంతే. "ఆఁ, ఎంత పెద్దగా తెరుస్తావో చూద్దాం." చప్పుడు లేదు. తర్వాత గుటక. పసిపిల్లల గుటక ఎంత పెద్దగా వినబడుతుందో. తర్వాత "ఛీ" అంది బొంగరం, గట్టిగా, అందరికీ వినబడేలా, పెద్దమ్మ పకపకా నవ్వింది. అప్పుడు తెలిసింది నాకు, తలుపు ఇవతల నేను ఇంతసేపూ నోరు తెరుచుకుని నిలబడి ఉన్నానని. మెల్లిగా మూసుకున్నాను.